చూడదగిన సినిమాను ఎంచేది ఎవరు?

వేల సినిమాలు ఇంట్లోకే వచ్చి కూర్చున్న కాలంలో చూడదగిన సినిమా దొరకటం లేదన్న మాట తరచుగా వినబడుతున్నది. నెలనెలా చందా కడుతున్నవారే ఈ మాట అంటున్నారు. రాత్రి భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చుని, బొమ్మల వరసలను పైకీ కిందికీ జరుపుతూ అరగంట గడిపి, చివరికి ఇదివరకు చూసిన సినిమానే మళ్ళీ పెట్టుకుని, అది సగంలో ఉండగానే నిద్రపోవటం మధ్యతరగతి ఇళ్ళలో మామూలైపోయింది. దీన్ని ప్రేక్షకుల బద్ధకమని కొట్టిపారేయటం తేలిక. కాని ఇది ఒక సాంస్కృతిక సమస్య, దీనికి చరిత్ర ఉన్నది. సినిమా పుట్టిననాటి నుంచీ ప్రేక్షకుడి ముందుకు ఏది రావాలో ఎవరో ఒకరు ఎంచుతూనే ఉన్నారు. ఎంచే చేయి కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది. ఆ చేతుల చరిత్రను ప్రధానంగా మన అనుభవం నుంచి పరిశీలించి, ఈనాటి ఓటీటీలో మంచి చిత్రాన్ని వెతుక్కునే దారి ఎటువైపున్నదో ఆలోచించటం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. చూడదగిన సినిమా అంటే నవ్వు మరచిన సినిమా అనీ, పండితులకు తప్ప అర్థంకానిదనీ కొందరిలో ఒక అపోహ ఉన్నది. 'మాయాబజార్' (1957) చూడదగిన సినిమాయే. 'దాసి' (1988) కూడా చూడదగిన సినిమాయే. మనిషిని అతని సంబంధాల మధ్య నిలబెట్టి చూపించేది, చూసి లేచాక మన వీధిని, మన ఇంటిని, మన వంటగదిని ఇంకొంచెం స్పష్టంగా చూసేలా చేసేది ఏదైనా చూడదగినదే. ఇక్కడ నేను వాడుతున్న కొలత ఇదే.

1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటల్లో లూమియేర్ సోదరుల చిత్రాలు చూపినప్పుడు, ఏమి చూడాలన్నది చూపేవాడి పెట్టెలో ఉన్నదాన్నిబట్టే నిర్ణయమైంది. మద్రాసులో ఫొటోగ్రాఫరుగా ఉన్న రఘుపతి వెంకయ్యగారు 1910 ప్రాంతంలో యంత్రం తెప్పించి చిన్న చిన్న చిత్రాలు ప్రదర్శించినప్పుడూ పరిస్థితి అదే. చూపేవాడే ఎంచేవాడు. తర్వాత టాకీలొచ్చాయి, డేరాలు వేసుకుని ఊళ్ళు తిరిగే టూరింగు టాకీసులొచ్చాయి. సినిమా నిర్మాణానికి, నేల టికెట్టు ప్రేక్షకుడికి మధ్య పంపిణీదారు అనే కొత్తమనిషి ప్రవేశించాడు. ఏ ఊరికి ఏ డబ్బా వెళ్ళాలో, ఎన్నాళ్ళు ఆడాలో అతని లెక్కల పుస్తకం చెప్పేది.

పెట్టుబడితోపాటు అధికారం కూడా ఎంపికలో చేయి పెట్టింది. గూడవల్లి రామబ్రహ్మంగారి 'మాలపిల్ల' (1938), 'రైతుబిడ్డ' (1939) ఇందుకు సాక్ష్యాలు. 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల తొలి మహాసభకు అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావుగారే 'మాలపిల్ల'కు మాటలు రాశారు. అస్పృశ్యతను ప్రశ్నించిన ఆ సినిమాను జనం ఆదరించారు. జమీందారీ దోపిడీని చూపిన 'రైతుబిడ్డ' జమీందార్ల ఆగ్రహానికీ, ప్రభుత్వ నిషేధానికీ గురైంది. ఈ చిత్రాలు తీసిన సారథి సంస్థ వెనుక చల్లపల్లి జమీందారు పెట్టుబడి ఉండటం ఆనాటి వైరుధ్యాలకు అద్దం పడుతుంది. అయితే ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆనాటి ప్రేక్షకుడికి తనకూ సినిమాకూ మధ్య ఎవరు నిలబడ్డారో తెలుసు. జమీందారు పేరు తెలుసు, కలెక్టరు కచేరీ ఎక్కడుందో తెలుసు. నిషేధం గురించి పత్రికల్లో రాయవచ్చు, సభ పెట్టి తిట్టవచ్చు. ఎంచే చేయి కనబడుతున్నంత కాలం దానితో పోట్లాడే అవకాశం ఉంటుంది.

ఆ చేతిని తామే చేజిక్కించుకోవాలని ప్రేక్షకులు చేసిన మొదటి పెద్ద ప్రయత్నం ఫిలిం సొసైటీ ఉద్యమం. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మొదలైనవారు కలకత్తా ఫిలిం సొసైటీని స్థాపించారు. 1959లో దేశంలోని సొసైటీలన్నిటికీ ఒక సమాఖ్య ఏర్పడింది. 1964లో పుణేలో జాతీయ ఫిలిం భాండాగారం వచ్చింది. పాత చిత్రాలను వెతికి భద్రపరచటమే ధ్యేయంగా బతికిన పి.కె. నాయర్ దానికి ప్రాణం పోశారు. 1974లో హైదరాబాదులో ఫిలిం క్లబ్బు మొదలైంది.

ఈ సొసైటీలు పనిచేసిన తీరును కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన సమస్యకు జవాబులో సగం అక్కడే ఉన్నది. సభ్యులు తలా కొంత చందా వేసుకునేవారు. ఏ సినిమా తెప్పించాలో కమిటీ కూర్చుని వాదించుకునేది. భాండాగారం నుంచో, విదేశీ రాయబార కార్యాలయం నుంచో రీళ్ళ డబ్బాలు వచ్చేవి. అద్దెహాలులో ప్రదర్శన, చేతిలో ఒక కాగితం మీద ఆ దర్శకుడి గురించి నాలుగు మాటలు, అయ్యాక చర్చ. అంటే ప్రతి సినిమాకూ ఒక మనిషి పూచీ ఉండేవాడు. 'ఇది ఎందుకు చూపించావు?' అని అడిగితే లేచి నిలబడి జవాబు చెప్పేవాడు. నచ్చని సినిమాను కూడా ఆ జవాబు కోసం జనం చివరిదాకా చూసేవారు. అభిరుచి అనేది పుట్టుకతో వచ్చే గుణం కాదనీ, నలుగురి మధ్య వాదులాటలో పదునెక్కుతుందనీ ఆ ఉద్యమం నిరూపించింది. ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' (1977), గౌతమ్ ఘోష్ 'మా భూమి' (1979), బి. నర్సింగరావు 'రంగుల కల' (1983), 'దాసి' ఇవన్నీ ఇటువంటి చర్చలు సాగుతున్న కాలంలోనే వచ్చాయి.

ఈ ఉద్యమానికి పరిమితులు లేకపోలేదు. అది పట్టణాలు దాటి పెద్దగా వెళ్ళలేదు. సబ్‌టైటిళ్ళు ఇంగ్లీషులో, చర్చలు సగం ఇంగ్లీషులో సాగేవి. సాయంత్రం ఆరుగంటలకు హాలుకు రాగల స్త్రీలు ఎందరు? కూలిపని నుంచి ఇంటికి చేరని మనిషికి బెర్గ్‌మన్ ఎక్కడ దొరుకుతాడు? ఈ ప్రశ్నలు ఆనాడే అడగవలసినవి.

పరిమితిని దాటే శక్తి టెలివిజనుకు ఉండేది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు జరిగిన ఉపగ్రహ బోధనా ప్రయోగంలో మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు చేరాయి. ఊరంతా ఒక పెట్టె ముందు కూర్చున్న రోజులవి. అయితే ఆ ఏడాది ఎమర్జెన్సీ ఏడాది అని కూడా మరువరాదు. ప్రభుత్వం చేతిలోని దూరదర్శన్ ఏలినవారి గొంతుగానే చాలాకాలం బతికింది. అయినా 1980లలో ఆదివారం మధ్యాహ్నాలు వేసిన ప్రాంతీయ భాషా చిత్రాలు నా తరానికి చేసిన మేలు చెప్పి తీరాలి. అమ్మానాన్నలు కునుకు తీస్తుంటే, వేరే చానలు లేక, మాకు తెలియని బెంగాలీలోనో, మలయాళంలోనో, అస్సామీలోనో నెమ్మదిగా నడిచే మనుషుల్ని చూస్తూ కూర్చునేవాళ్ళం. సగం అర్థమయ్యేది కాదు. కాని మనం కానివాళ్ళ ఇళ్ళలోకి తొంగిచూసే అలవాటు అక్కడే అయింది. 1988లో భీష్మ సహానీ నవల ఆధారంగా గోవింద్ నిహలానీ తీసిన 'తమస్' దేశవిభజన నాటి మతోన్మాదాన్ని కోట్ల ఇళ్ళలోకి తెచ్చింది. దాన్ని ఆపాలని న్యాయస్థానాల దాకా వెళ్ళినవారున్నారు. అడగకుండా వచ్చిన సినిమాకు ఉండే బలం అది.

తర్వాత వీడియో క్యాసెట్లు, 1990లలో కేబుల్ టీవీ వచ్చాయి. క్యాసెట్ల కొట్టువాడు వ్యాపారే అయినా మనిషి. 'మాస్టారూ, ఇది మీకు పడదు, అది తీసుకెళ్ళండి' అనేవాడు. మనల్ని ఎరిగి చెప్పేవాడు. అతను చెప్పింది బాగాలేకపోతే మర్నాడు వెళ్ళి అడిగేవాళ్ళం. ఈనాటి సిఫారసు యంత్రం ఆ కొట్టువాడి స్థానంలోనే కూర్చున్నది.

ఆ యంత్రం పుట్టుక ఆసక్తికరమైనది. 1997లో కాలిఫోర్నియాలో స్థాపించిన నెట్‌ఫ్లిక్స్, మరుసటి ఏడాది నుంచి డీవీడీలను తపాలాలో అద్దెకు పంపేది. కొత్త సినిమాల ప్రతులు అందరికీ సరిపోయేవి కావు. కాబట్టి చందాదారుల చూపును పాత చిత్రాలవైపు, పేరుపడని చిత్రాలవైపు మళ్ళించటం దాని వ్యాపారావసరమైంది. చూసినవారిచేత నక్షత్రాలు వేయించి, ఇటువంటి నక్షత్రాలు వేసిన మరొకరికి నచ్చింది మీకూ నచ్చవచ్చునని చెప్పే పద్ధతి అలా వచ్చింది. దాన్ని పది శాతం మెరుగుపరచినవారికి పదిలక్షల డాలర్లిస్తామని 2006లో పోటీ పెట్టి, 2009లో ఆ బహుమతి ఇచ్చారు. అంటే సిఫారసు యంత్రం మొదట్లో మరుగునపడిన సినిమాకు కొంత మేలే చేసింది. యంత్రాన్ని శత్రువుగా చూడటం మన పద్ధతి కాకూడదు. అది ఎవరి అవసరానికి పనిచేస్తున్నదన్నదే ప్రశ్న.

2007లో ఆ సంస్థ ఇంటర్నెట్ ద్వారా సినిమాలు చూపటం మొదలుపెట్టింది. అప్పటినుంచి అవసరం మారింది. సినిమా చూశాక ఏమనుకున్నామన్నదానికంటే చూస్తూ ఏంచేశామన్నది ముఖ్యమైంది. ఎక్కడ ఆపాం, ఏ పూట చూశాం, తర్వాతి భాగానికి వెళ్ళామా లేదా అన్నదంతా లెక్కలోకి వచ్చింది. 2017లో నక్షత్రాలు తీసేసి బొటనవేలు పైకీ కిందికీ చూపే గుర్తులు పెట్టారు. ఐదు మెట్ల తీర్పు రెండు మెట్లకు దిగింది. 2015లో ఆ సంస్థ బాధ్యులే ప్రచురించిన ఒక పత్రం ప్రకారం, చందాదారులు చూసే గంటల్లో దాదాపు 80 శాతం సిఫారసు యంత్రం ప్రభావంతో ఎంచుకున్నవే. ఒక మనిషి పది, ఇరవై పేర్లు చూసి, 60 నుంచి 90 సెకన్లలో ఏదీ తేల్చుకోలేకపోతే విసిగిపోతాడని కూడా వారే రాశారు. ఆ తొంభై సెకన్లలో మనల్ని పట్టుకోవటమే యంత్రం పని. ఆఖరికి పైబొమ్మ కూడా మనిషినిబట్టి మారుతుంది. 'గుడ్ విల్ హంటింగ్' అనే అమెరికన్ చిత్రానికి ప్రేమకథలు చూసేవారికి నాయికా నాయకుల బొమ్మ, హాస్యచిత్రాలు చూసేవారికి హాస్యనటుడు రాబిన్ విలియమ్స్ బొమ్మ చూపవచ్చునని 2017లో వారే ఉదాహరణగా వివరించారు. వెనకటికి గోడమీది పోస్టరు అబద్ధమాడినా అందరికీ ఒకటే అబద్ధం చెప్పేది. ఇప్పుడు ఎవరి అబద్ధం వారిది.

మన దేశానికి నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో, అమెజాన్ ప్రైమ్ అదే ఏడాది డిసెంబరులో వచ్చాయి. 2020లో తెలుగు కోసమే 'ఆహా' వచ్చింది. అదే ఏడాది మార్చిలో కరోనా కారణంగా థియేటర్లు మూతపడటంతో ఓటీటీ ఇంటింటి వస్తువైంది.

ఇందులో మంచి లేదా? ఉన్నది. ఫిలిం సొసైటీ హాలుకు రాలేకపోయిన గృహిణి ఈనాడు వంట ముగించుకుని ఫోనులో మరాఠీ సినిమా చూడగలదు. మండల కేంద్రంలో ఉన్న కుర్రవాడికి కొరియా సినిమా అందుబాటులో ఉన్నది. గత కాలాన్ని తలచుకుని నిట్టూర్చేవారు ఈ వాస్తవాన్ని ఒప్పుకోవాలి. కాని అందుబాటు వేరు, పరిచయం వేరు. నిన్న చూసినదానికి పోలికగలదాన్ని ఈ రోజు ముందుకు తోసే యంత్రానికి, మనం ఎన్నడూ అడగనిదాన్ని మనముందు పెట్టాల్సిన అవసరం తక్కువ. మంచి కళ చాలాసార్లు మనం అడగనిదే. పైగా ఈ గిడ్డంగిలో సరుకు శాశ్వతం కాదు. హక్కుల గడువు తీరగానే సినిమా మాయమవుతుంది. ఉన్నన్నాళ్ళూ అడుగున పడి ఉన్న సినిమా పోయినరోజున ఎవరూ గుర్తించరు. మన మూకీల కాలపు చిత్రాల్లో అత్యధిక భాగం భద్రపరిచేవారు లేక నశించాయి. తెలుగువారి తొలి మూకీగా చెప్పుకునే 'భీష్మప్రతిజ్ఞ' (1921) కూడా మనకు దక్కలేదు. రీలు చెడిపోవటం ఒక రకం మరణం. రీలు పదిలంగా ఉండి చూసేవాడికి కనబడకపోవటం దానికి దగ్గరి చుట్టమే.

ఈ పరిస్థితిలో ప్రేక్షకులు చేయగలిగింది ఏమైనా ఉన్నదా? రెండు ఉదాహరణలు చూద్దాం. మలయాళంలో జియో బేబి తీసిన 'ద గ్రేట్ ఇండియన్ కిచెన్' చిత్రాన్ని పెద్ద సంస్థలు తీసుకోలేదు. 2021 జనవరి 15న అది ఒక చిన్న మలయాళ ఓటీటీలో విడుదలైంది. అంట్లు, పొయ్యి, ఎంగిలి విస్తరాకుల మధ్య ఒక కోడలి రోజులను చూపిన ఆ చిత్రం గురించి స్త్రీలు మాట్లాడుకున్నారు, రాసుకున్నారు, మగవారితో వాదించారు. కొద్ది నెలల్లోనే దాన్ని అమెజాన్ తీసుకున్నది. యంత్రానికి పట్టని సినిమాను మనుషుల మాట పైకి తెచ్చింది. రెండోది మన 'బలగం'. 2023 మార్చిలో వచ్చిన ఈ సినిమాను తెలంగాణ పల్లెల్లో రచ్చబండల దగ్గర తెరలు కట్టుకుని ఊరంతా కలిసి చూశారు. పిట్ట ముట్టని కూడు ముందు విడిపోయిన అన్నదమ్ముల కథ చూస్తూ కలిసి ఏడ్చారు. అది ఓటీటీలోకి కూడా వచ్చేసిన రోజుల్లోనే జనం ఇలా గుమికూడటం గమనార్హం. ఎవరి ఫోనులో వారు చూడగలిగినదాన్ని ఊరు కలిసి చూడాలనుకున్నది.

పుస్తకాల విషయంలో ఈ పాఠం మన పెద్దలు ఎప్పుడో నేర్చుకున్నారు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించినప్పుడు, పుస్తకాలు అచ్చుకావటంతోనే పని తీరుతుందని వారు అనుకోలేదు. పుస్తకాన్ని పాఠకుడి దగ్గరికి నడిపించే మనుషులు కావాలన్నారు. 1930లలో పాతూరి నాగభూషణంగారు కాలువ మీద పడవలో పుస్తకాలు పంపింది అందుకే. ఆ పడవలో ఏయే పుస్తకాలు ఎక్కాలో ఎవరో కూర్చుని ఆలోచించారు. సినిమాకు అటువంటి పడవ నడిపేవారు ఈనాడు కావాలి. ఓటీటీ రంగంలోనూ ఇది సాధ్యమేనని మూబీ అనే సంస్థ కొంతకాలం చూపింది. రోజుకొక చిత్రం చొప్పున ముప్ఫై చిత్రాలే ఉంచి, ప్రతిదాన్నీ మనుషులే ఎంచేవారు. 2020లో అదీ పెద్ద గిడ్డంగి పద్ధతిని జోడించుకున్నది.

మా ఊళ్ళో ఎనిమిదిమందిమి, ఎక్కువగా ఉపాధ్యాయులం, నాలుగేళ్ళుగా నెలకొక సినిమా కలిసి చూస్తున్నాం. నియమం ఒకటే. సినిమా సూచించినవారు పది నిమిషాలు దాన్ని ఎందుకు సూచించారో చెప్పాలి. 'టాప్ టెన్‌లో ఉంది' అనటం జవాబు కింద లెక్కకు రాదు. ఈ నియమం వల్ల మా వెతుకులాట పద్ధతే మారింది. తెరమీద కనబడే వరసలు చూసి ఎంచటం మానేశాం. ముందు పేరు తెలుసుకుని, తర్వాత ఆ పేరు ఎక్కడుందో వెతుకుతున్నాం. ఒక చిత్రం నచ్చితే దాని దర్శకుడి ఇతర చిత్రాలు, ఆ కథ రాసిన రచయిత, ఛాయాగ్రాహకుడు పనిచేసిన ఇతర చిత్రాలు, ఇలా ఒక దారం పట్టుకుని వెళుతున్నాం. చైతన్య తమ్హణే 'కోర్ట్' చూశాక ఒక మిత్రురాలు 'రైతుబిడ్డ' వెతికింది. పాటను నేరంగా చూసే ప్రభుత్వం నుంచి సినిమాను నేరంగా చూసిన ప్రభుత్వానికి వెళ్ళానని ఆమె చెప్పిన కారణం ఏ యంత్రానికీ తట్టనిది. 'కేరాఫ్ కంచరపాలెం' (2018) చూసిన రాత్రి కులం మీద మొదలైన వాదన పన్నెండు దాకా సాగింది. చందాలో మేము పొందిన విలువ ఆ వాదనే.

జాతీయ పురస్కారాల పాత జాబితాలు, భాండాగారం పునరుద్ధరించే చిత్రాల వివరాలు, జిల్లాల్లో ఇంకా మిగిలిన ఫిలిం క్లబ్బుల కరపత్రాలు, ఇవన్నీ పేర్లు దొరికే చోట్లు. వీటన్నిటికంటే ముఖ్యమైనది విమర్శ. కవిత్వానికి, కథకు, నవలకు పేజీలు కేటాయించే మన పత్రికలు సినిమాను విడుదల వారంలోనే తలచుకుని మరచిపోతున్నాయి. పాత సినిమా మీద, పొరుగు భాష సినిమా మీద సరళమైన తెలుగులో రాసే వ్యాసం ఈనాడు సాహిత్య బాధ్యతలో భాగం. అభ్యుదయ రచయితల సంఘం శాఖలు ప్రతి నెలా సమావేశంలో ఒక సినిమాను సూచించి, అది ఎక్కడ దొరుకుతుందో, ఎందుకు చూడాలో ఒక పేజీ రాసి పంచిపెట్టవచ్చు. ఊరి గ్రంథాలయంలోనో బడిలోనో హక్కుదారుల అనుమతితో దాన్ని కలిసి చూసే ఏర్పాటు చేయవచ్చు. ఆ పేజీ కింద రాసినవారి పేరుండాలి. సినిమా నచ్చనివారు మరుసటి నెల వచ్చి ఆ పేరుగల మనిషిని నిలదీయాలి.